చుక్క మనిషయ్యేదాకా

స్టూడియో, మూడో అంతస్తు, ఎడిటింగ్ గది
ఎండలు ముదిరిన వారం

అత్తయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, పక్క గదిలోంచి మనుషులు పరిగెత్తుకొచ్చి ఏమైందని అడుగుతారు. అందుకే మళ్ళీ కాగితం, కలం.

ఈసారి కబుర్ల ఉత్తరం కాదు, పని మీద రాస్తున్నాను. నిన్న నా బల్ల మీదికి ఒక పాత కౌబాయ్ సినిమా వచ్చింది. నెగటివ్ కడిగించి, గీతలూ మచ్చలూ తుడిచి, కొత్తగా విడుదల చెయ్యాలట. టైటిల్స్ తుడుస్తుంటే చిట్టచివర, దోమంత అక్షరాల్లో, కంటిన్యుటీ అని రాసి పక్కన నీ పేరు! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తుమ్ములు ఆగని హీరోయిన్ దగ్గర్నుంచి విగ్గు ఎత్తుకెళ్ళిన కోతి దాకా నువ్వు పనిచేసిన ప్రతి సినిమా గురించీ చెప్పావు. దీని ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదేం?

సరే, చిక్కు ఇదీ. హక్కులు కొన్న పెద్దమనిషి వచ్చి నా వెనక కూర్చుని మొదటి రీలు చూశాడు. ముందు తెర నిండా ఆకాశం, అడుగున సన్నగా నేల. గాలి చప్పుడు. ఎక్కడో చివర ఒక చుక్క. ఆ చుక్క కదులుతుంది. కదులుతూనే ఉంటుంది. అది గుర్రమనీ, దాని మీద మనిషున్నాడనీ తెలిసేసరికి నాకే ఆవలింత వచ్చింది. ఆయనైతే కాళ్ళూపడం మొదలుపెట్టాడు.

"ఏమ్మా, ఇక్కడ ఏం జరుగుతోంది?"

"మనిషి వస్తున్నాడండీ."

"వచ్చాక చూపిద్దాం."

అదీ ఆయన తీర్పు. ఇప్పుడు జనం సినిమాని అరచేతిలో ఫోన్ పెట్టుకుని చూస్తారట, చుక్క కనపడితే అద్దం మీద దుమ్ము పడిందనుకుని వేలితో తుడుస్తారట. నవ్వొచ్చింది కానీ కాదనలేకపోయాను. అదంతా తీసేసి, ఊళ్ళో గడ్డాలు గీసే కొట్టు ఉంది చూడు, అక్కణ్ణించి మొదలెట్టమన్నాడు. వానలు పడేలోపు విడుదల చెయ్యాలని తొందర.

ఆయన అన్నదాంట్లో సగం నాకూ సబబుగానే తోస్తోంది. కానీ నీ పేరున్న సినిమా కదా, నిన్ను అడక్కుండా చెయ్యి రాలేదు. అంత పొడుగు మొదలు ఎందుకు పెట్టారు? ఆయన ఎదుట నిలబడి చెప్పగలిగే కారణం ఒకటి ఇవ్వు. లేకపోతే తీసేస్తాను, తర్వాత నా మీద అలగొద్దు.

అమ్మ బాగుంది. నీ ఉత్తరం వస్తే ఎప్పటిలాగే నా బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోతుంది. చించదు, అడగదు. మీ వదినామరదళ్ళ మధ్య ఏం జరిగిందో నువ్వూ చెప్పవు, ఆవిడా చెప్పదు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఇదే తంతు.

నీ మేనకోడలు


వెనక వరండా, వాలుకుర్చీ
ఉత్తరం అందిన రోజే

కత్తెరమ్మకి,

"వచ్చాక చూపిద్దాం" అన్నాడా! ఆయన్ని కన్నతల్లిని అడుగు, తొమ్మిది నెలలు ఎందుకు మోసిందో. వచ్చాకే చూసుకోవచ్చుగా.

ముందు నీకు చెబుతాను, తర్వాత నువ్వు ఆయనకి చెప్పు. హాల్లో దీపాలు ఆర్పినా జనం ఇంకా ఇళ్ళల్లోనే ఉంటారే. పొయ్యి ఆర్పానా, తలుపు వేశానా, పిల్లాడికి చొక్కా మార్చానా అని. వాళ్ళని అక్కణ్ణించి లాక్కొచ్చి ఇంకో లోకంలో పడెయ్యాలి. మాటలతో చెబితే వింటారా? ఆకాశం అంత పెద్దది, నేల ఇంత చిన్నది, మధ్యలో మనిషి ఆవగింజంత. అది చూడగానే కడుపులో తెలిసిపోతుంది, ఇక్కడ పిలిస్తే పలికేవాడు లేడని. పోలీసు లేడు, కోర్టు లేదు. ఏ కబురైనా గుర్రం మీదే రావాలి, ఏ తగువైనా ఒక్కడే తేల్చుకోవాలి. ఇది కౌబాయ్ సినిమా అని బోర్డు కట్టక్కర్లేదు.

ఇంకోటి. ఆ ఎండలో ఆ మనిషి అలా వస్తూ ఉంటే చూసేవాడికి దాహం వేస్తుంది. నాలుక పిడచగట్టుకుపోతుంది. అప్పుడు ఊరి మధ్య బావి చూపిస్తాం. గిలకకి తాడు ఉండదు. చూశావా ఆ షాటు? నీళ్ళు ఎవడి గుప్పిట్లో ఉన్నాయన్నదే కదా సినిమా అంతా. దాహం వెయ్యకముందే తాడు లేని గిలక చూపిస్తే ఎవడికి పట్టింది? ఆ తర్వాత కుక్క లేచి పక్కకి తప్పుకుంటుంది. కిటికీ రెక్క మూసుకుంటుంది. గడ్డం గీసేవాడి కత్తి సబ్బు నురగ మీద ఆగిపోతుంది. ఒక్క మాట లేకుండా ఊరి జాతకమంతా చెప్పేశాడు మా డైరెక్టరు. మీ పెద్దమనిషి ఆ కత్తి దగ్గర్నుంచి మొదలెట్టమంటున్నాడు. ఎవరు వస్తుంటే ఆగిందో తెలియకపోతే అది ఉత్త క్షవరం.

అబ్బ, ఎన్ని గుర్తొస్తున్నాయే! రాళ్ళు కొట్టి వదిలేసిన క్వారీలో వేశారు ఆ ఊరిని. ఇళ్ళకి ముందు గోడలే, వెనక అన్నీ గడకర్రలు. బ్యాంకు తలుపు తోసుకుని లోపలికి అడుగేస్తే నేరుగా గోతిలోకే, మేకప్ మనిషి ఒకసారి పడ్డాడు కూడా. గాలికి పాత విమానం ఫ్యాను తెచ్చారు. మొదటిసారి తిప్పగానే వంటాయన వరసగా పేర్చుకున్న కంచాలన్నీ లేచిపోయాయి. ఆయన తిట్టిన తిట్లు మైకులో పడి, రికార్డిస్టు వాటిని ఎన్నాళ్ళో దాచుకుని అడిగినవాళ్ళందరికీ వినిపించాడు. ఎండుముళ్ళ పొద ఒకటి వీధిలో దొర్లుకుంటూ పోతుంది కదా, దానికి కట్టిన దారం లాగింది ఎవరనుకున్నావు? నేనే. అరచేతులు కోసుకుపోయాయి.

ఇక హీరో. ఊరు ఊరంతా ఆయన్ని చూసి వణకాలి, ఆయనేమో గుర్రాన్ని చూసి వణికేవాడు. గుర్రం తుమ్మితే చాలు, కారులో కూర్చుని అద్దాలు ఎత్తేసుకునేవాడు. టోపీ పైకెత్తి కళ్ళు చూపిస్తాడే, ఆ దగ్గర షాటులో గుర్రం లేదు. నూనె పీపా మీద జీను బిగించి కూర్చోబెట్టాం. కింద ఇద్దరు ఆ పీపాని ఊపుతున్నారు. ఒకడు నవ్వాగక ఒక టేకు పాడు చేశాడు. కాబట్టి దూరం నుంచి వచ్చేది ఆయన కాదు. గుర్రాల మనిషి ఒకడికి ఆయన బట్టలు తొడిగి పంపారు.

దాహం సంగతి చెప్పు ఆయనకి. కత్తెర పక్కన పెట్టు.

అత్త


ఎడిటింగ్ గది
మామిడిపళ్ళు మార్కెట్‌లోకి వచ్చాయి

అత్తయ్యా,

పీపా సంగతి చదివి, ఆ షాటు మళ్ళీ వేసుకుని చూశాను. ఇప్పుడు ఆయన ఎంత గంభీరంగా చూసినా నాకు పీపాయే కనిపిస్తోంది. సినిమా మొత్తం పాడు చేసిపెట్టావు, థాంక్స్.

దాహం మాట పెద్దమనిషికి చెప్పాను. "దాహం వేస్తే లేచి నీళ్ళు తాగడానికి పోతారమ్మా, మళ్ళీ వస్తారని గ్యారంటీ ఏంటి?" అన్నాడు. నేను ఇంకా వాదిస్తూనే ఉన్నాను. నువ్వు రాసింది చదివాక ఆ మొదలు నాకు వేరేగా కనపడుతోంది. చుక్క, గిలక, కుక్క, కత్తి, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తున్నాయి.

కానీ ఒక ఇబ్బంది వచ్చిపడింది, అది నీ ఖాతాలోది. మచ్చలు తుడిచాక బొమ్మ అద్దంలా అయింది. గుర్రం సగం దూరం వచ్చేసరికి మనిషి చేతులు స్పష్టంగా తెలుస్తున్నాయి. మొహం మాత్రం టోపీ నీడలో ఉంది. అతను పగ్గం కుడిచేత్తో పట్టుకున్నాడు. వెంటనే వచ్చే దగ్గర షాటులో హీరో పగ్గం ఎడంచేతిలో! ఒక షాటులో కుడిచేతిలో ఉన్న గ్లాసు తర్వాతి షాటులో ఎడంచేతిలోకి దూకకుండా కాపలా కాయడమే కదమ్మా నీ ఉద్యోగం? హీరోయిన్ చెవికి ఏ పక్క పువ్వుందో ఏడాది తర్వాత అడిగినా చెప్పేదానివని పేరు. నీ కంటికి ఇది ఎలా ఆనలేదు? పెద్దమనిషి పట్టేశాడు. "తప్పుంది కదమ్మా, ఇంకెందుకు ఉంచడం?" అంటున్నాడు.

ఎవరతను? పగ్గం అలా ఎందుకు పట్టుకున్నాడు?

మేనకోడలు


వరండా

కత్తెరా,

చూశాను. చూడకేం. అప్పుడే, అక్కడే చెప్పాను డైరెక్టరుకి. "దుమ్ము చూశావా, ఇలాంటి దుమ్ము మళ్ళీ లేస్తుందా? చెయ్యి ఎవడు చూస్తాడు?" అన్నాడు. నా కన్ను మీద మచ్చ పెట్టకు.

ఎవరైతే ఏం? గుర్రాల మనిషి. మొహం కనపడని వాళ్ళ పేర్లు ఎవరికి కావాలి.

మోకాళ్ళ నొప్పి ఎక్కువగా ఉంది. ఇంకేం రాయను.

అత్త


ఎడిటింగ్ గది
మబ్బులు కమ్ముతున్నాయి

అత్తయ్యకి,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అంటే. పేజీలకి పేజీలు రాసే మనిషివి రెండు ముక్కలు రాశావంటే ఏదో దాస్తున్నావని నాకు తెలుసు. అడిగితే చెప్పవనీ తెలుసు. అమ్మ దగ్గరా ఇదే, నీ దగ్గరా ఇదే. ఒక గుర్రాల మనిషి ఎవరని అడిగితే కూడా ఇంత గుంభనం ఎందుకో నాకు అర్థం కాలేదు. నా తరఫున వాదిస్తావనుకున్నాను, నువ్వు కూడా చేతులు దులుపుకున్నావు.

పెద్దమనిషికి చెప్పడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు. వచ్చే సోమవారం రీలు ఖాయం చెయ్యాలి. ఆకాశం, చుక్క, ఆ గుర్రపు మనిషి రావడం అంతా తీసేస్తున్నాను. గాలి చప్పుడు మీద టైటిల్స్ వేసి, గిలక దగ్గర్నుంచి మొదలెడతాను. గడ్డం కొట్టు కంటే ముందు గిలకనైనా మిగిల్చాను, సంతోషించు.

ఆ చెయ్యి తప్పు కూడా పోతుంది. నీ పేరుకి ఏ మచ్చా ఉండదు.

మేనకోడలు


ఇల్లు
శుక్రవారం

తల్లీ,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. పక్కింటి డ్రైవరు మీ ఊరు వస్తున్నాడు, అతని చేతికిస్తున్నాను. సోమవారం లోపు నీ చేతిలో పడాలి.

తియ్యకు. ఆ గుర్రం మీద వచ్చే మనిషి మీ నాన్న.

వాడిది ఎడంచేతి వాటం, నీలాగే. వాటమైన చెయ్యి ఖాళీగా ఉంచుకుని రెండో చేత్తో పగ్గం పట్టుకుంటారు గుర్రాల వాళ్ళు. అందుకే కుడిచేతిలో ఉంది.

ఆ సినిమాలో వాడు పనిచేశాడన్న మాట నీ చెవిన పడకూడదని మీ అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్నాను. ఇప్పుడు తప్పాను. నువ్వు తీసేసింది ఏమిటో నీకు ఎప్పటికీ తెలియకుండా పోవడం కంటే, మీ అమ్మ నన్ను ఇంకో జన్మ దాకా తిట్టుకోవడమే నయమనిపించింది. నీకు నేను రాయడం కూడా ఆవిడ మానిపించేస్తుందేమో. అదీ ఆలోచించుకునే రాస్తున్నాను.

అత్త


ఎడిటింగ్ గది
వాన ఇంకా పడలేదు

అత్తయ్యా,

వారం అయింది నీ ఉత్తరం అంది. సోమవారం నాడు మెషిన్ పాడైందని అబద్ధం చెప్పాను. ఇంకో రెండు వారాలు ఇచ్చారు. రాయడానికి ఇవాళ్టిదాకా చెయ్యి ఆడలేదు.

నీ మీద పట్టరాని కోపం వచ్చింది. ముందు అది చెప్పాలి. నాన్న ఎలా ఉండేవాడని నిన్ను ఎన్నిసార్లు అడిగాను! చిన్నప్పుడు మీ ఇంటికి సెలవులకి వచ్చినప్పుడల్లా అడిగాను. మంచివాడు, నవ్వేవాడు, నీలాగే పొడుగు అనేదానివి. ఇన్నాళ్ళూ నాకు తెలిసిన నాన్న గోడ మీది పెళ్ళిఫొటోలో కాలరు బిగుసుకుపోయిన మనిషి. గుర్రాలు తోలుకొస్తూ లారీ బోల్తాపడి పోయాడన్నది ఒక్కటే కథ. ఎక్కణ్ణించి తోలుకొస్తూ అని నేనూ అడగలేదు. నాన్న ఒక ఫిల్ము డబ్బాలో చుట్టుకుని ఉన్నాడని నీకు తెలుసు. కదులుతున్నాడని తెలుసు. చెప్పలేదు.

తర్వాత తలుపు గడియ పెట్టుకుని చూశాను. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. గుర్రం ఎక్కడో తడబడుతుంది, అప్పుడు ఆయన ముందుకు వంగి దాని మెడ మీద తడతాడు. ఎడంచేత్తో. ఎడమ భుజం కొంచెం వాల్చి కూర్చుంటాడు. నేను బల్ల దగ్గర అలాగే కూర్చుంటానని ఇక్కడి వాళ్ళు ఎక్కిరిస్తారు. అది చూసి ఏడ్చాను అత్తయ్యా, ముక్కు చీదుకుంటూ, చిన్నపిల్లలా.

ఇప్పుడు నా బాధ ఇంకోటి. ఆ షాటు మంచిదో కాదో నాకు ఇక తెలియదు. మొదటిసారి చూసినప్పుడు ఆవలించాను. ఇప్పుడు ఎంతసేపు చూసినా చాలడం లేదు. నాన్న అని ఉంచితే అది ఎడిటరు పని కాదు. కొన్నవాడిని మోసం చేసినట్టు. తీసేయడానికి మాత్రం నా చెయ్యి రాదు. నేనేం చెయ్యాలి?

ఆ రోజు ఏం జరిగిందో మొత్తం రాయి. మోకాళ్ళ నొప్పులు నాకు చెప్పకు.

నీ మేనకోడలు


వరండా
గాలి చల్లబడింది

తల్లీ,

తిట్టు. నీకు ఆ హక్కుంది.

మీ నాన్న అద్దె గుర్రాల శాలలో పనిచేసేవాడు. బళ్ళకీ ఊరేగింపులకీ గుర్రాల్ని ఇచ్చే శాల. మా సినిమాకి గుర్రాలు కావాలంటే నేనే వాణ్ణి పిలిపించాను. వాడు ఎంత సంబరపడ్డాడో! అప్పటికి నీకు పళ్ళు వస్తున్నాయి, ఏడ్చి ఏడ్చి ఇల్లు పీకి పందిరేస్తున్నావు. "నీ మేనకోడలి గోల తప్పించుకోడానికి వచ్చానక్కా, నిద్రపోయి ఎన్నాళ్ళయిందో" అని క్వారీలో అందరి ముందూ అనేవాడు. భోజనాల దగ్గర కూర్చుంటే మళ్ళీ నీ ముచ్చటే. పిడికిలి ఎలా నోట్లో కుక్కుకుంటావో చేసి చూపించేవాడు. లైట్‌బాయ్‌లు పారిపోయేవాళ్ళు.

వాడు ఎక్కిన గుర్రాన్ని దొరసాని అని పిలిచేవాడు. మహా పెంకిది. ఇంకెవరు దగ్గరికెళ్ళినా పళ్ళు చూపించేది. వాడు మాత్రం చెవిలో ఏదో గొణిగితే తల దించేది.

ఆ షాటుకి వాణ్ణి చాలా దూరం పంపారు. అరిస్తే వినపడదు, జెండా ఊపినా కనపడదు. అద్దంతో ఎండని మెరిపిస్తే బయల్దేరాలని చెప్పారు. ఫ్యాను అంతదూరం పనికిరాదు కనుక ఆపేశారు. అందరం చేతులు కట్టుకుని గాలి కోసం కూర్చున్నాం. డైరెక్టరు గొణుక్కుంటున్నాడు, కెమెరామన్ తలకి తడిగుడ్డ చుట్టుకున్నాడు. అప్పుడు దానంతట అదే లేచింది గాలి, నేలంతా పొగలా అయింది. "మెరిపించు, మెరిపించు!" అని కేక. అద్దం మెరిసింది. చుక్క కదిలింది.

అది నా తమ్ముడని నాకు తెలుసు. అయినా ఆ దుమ్ములోంచి వస్తుంటే నాకు భయమేసింది తల్లీ. ఇంటి పక్క వీధిలో నేను సైకిలు తొక్కడం నేర్పిన నా తమ్ముడు కాదు, ఎవరో, ఏ ఊరూ లేనివాడు వస్తున్నట్టుంది. అక్కడ నిలబడ్డ వాళ్ళెవ్వరూ ఊపిరి పీల్చలేదు. అంచేత, ఆ షాటు మంచిదా కాదా అని నన్ను అడిగితే, మంచిది. తోబుట్టువుగా చెప్పడం లేదు. తోబుట్టువుకే వాడు పరాయివాడిలా కనపడ్డాడు, అందుకని చెబుతున్నాను. కావలసింది అదే కదా. చెయ్యి గురించి నేను చెప్పడం, డైరెక్టరు కసరడం అన్నీ కట్ అన్నాక.

మర్నాడే గుర్రాలు తిరుగు ప్రయాణం. మలుపులో లారీ పడిపోయింది. వాడూ, దొరసానీ.

మీ అమ్మ నన్ను గుమ్మంలోనే నిలబెట్టేసింది. "నువ్వు పిలవకపోతే వెళ్ళేవాడా? ఆ సినిమా మాట నా బిడ్డ చెవిన పడితే నువ్వు నాకు లేనట్టే" అంది. నేను పని ఇప్పించడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ రోజు ఆవిడతో వాదించే మొహం నాకు లేదు. సరేనన్నాను. నిన్ను సెలవులకి పంపిస్తూనే ఉంది కదా, అదే నాకు పెద్ద దయ అనుకున్నాను.

చెప్పాల్సింది చెప్పేశాను. అమ్మకి చెబుతావో మానతావో నీ ఇష్టం.

అత్త


ఎడిటింగ్ గది
తొలివాన

అత్తయ్యా,

ముందు సినిమా సంగతి. నీ ఉత్తరంలో పరాయివాడిలా కనపడ్డాడన్న మాట పట్టుకుని పెద్దమనిషి దగ్గరికి వెళ్ళాను. ఇంకేమీ దాచలేదు. "అందులో ఉన్నది మా నాన్న. కాబట్టి నా మాట నమ్మకండి. నా బల్ల మీద చిన్న తెరలో కాకుండా, పెద్ద హాల్లో, మీకు తెలిసినవాళ్ళని నలుగుర్ని కూర్చోబెట్టి మీరే చూసుకోండి" అన్నాను. ఆయన నా మొహం చూసి, "ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు. ముందు నాకూ తెలియదని చెబితే నమ్మాడో లేదో.

హాల్లో వేశాం. వాళ్ళ బావమరిది ఫోన్ చూసుకుంటూ వచ్చి కూర్చున్నాడు. చుక్క మనిషయ్యేసరికి ఆ ఫోన్ ఒళ్ళో బోర్లా పడి ఉంది. అయినా పెద్దమనిషి అంత సులువుగా వదిలితే కదా. కూరగాయల బజారులో బేరంలా సాగింది. చివరికి చుక్క పుట్టకముందు ఉన్న ఉత్త ఆకాశం కొంత పోయింది. దానికి నేను ఒప్పుకున్నాను, అది నిజంగానే ఎక్కువైంది. నాన్న కనపడిన దగ్గర్నుంచి ఒక్క ఫ్రేము కూడా పోలేదు. చెయ్యి తప్పు అలాగే ఉంటుంది. క్షమించు.

ఇప్పుడు అమ్మ.

చెప్పకుండా ఉండలేకపోయాను. బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చుని, "అమ్మా, నాన్న ఒక సినిమాలో ఉన్నాడు, నా దగ్గర ఉంది" అన్నాను. మడతపెట్టడం ఆపలేదు. ఉన్నవన్నీ మడతపెట్టి అలమరలో సర్దింది. "మీ అత్త చెప్పిందా?" అంది. అవునన్నాను. ఎప్పుడు అంది. నేను తీసేయబోతుంటే అన్నాను. లేచి చెప్పులేసుకుని, "పద" అంది.

ఇక్కడ నా కుర్చీలో కూర్చోబెట్టాను. మొదటిసారి వేశాను. హీరో మొహం రాగానే, "ఇదెవడు?" అంది. చెప్పాను. "వీడు రాకముందే ఆపు" అంది. మళ్ళీ వేశాను, ఆపాను. మళ్ళీ వెయ్యమంది. సాయంత్రం దాకా అలాగే. అసిస్టెంటు టీ తెచ్చి, తలుపు దగ్గరే పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో నీ కిందటి ఉత్తరం, ఆ రోజు సంగతి రాసింది, చదవమని ఇచ్చాను. చదివింది. నిన్న పొద్దున నా దగ్గర్నుంచి కాగితాలు అడిగి తీసుకుంది. ఈ కవర్లో అంటించి ఉన్న చిన్న కవరు ఆవిడది. నేను చూడలేదు.

నీ మేనకోడలు


(లోపలి కవరు)

ఇల్లు

వదినా,

ఉత్తరాలు రాసే అలవాటు నాకు లేదు. తప్పులుంటే సర్దుకోండి.

పిల్లకి చెప్పినందుకు మీ మీద కోపం లేదు. చెప్పకపోయి ఉంటే అది వాళ్ళ నాన్నని తన చేత్తోనే తీసి పారేసేది. నేనే ఆ పని చేయించేదాన్ని.

ఆయన్ని గుర్రం మీద నేను ఎప్పుడూ చూడలేదు. శాలకి మమ్మల్ని రానిచ్చేవారు కాదు. ఇంటికి నడిచి వచ్చేవారు, గడ్డి వాసనతో. ఆ తర్వాత నేను చూసింది ఆ లారీ దగ్గరే. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుంటే నాకు అదే కనపడేది. అందుకే ఆ సినిమా మాట వద్దన్నాను. మిమ్మల్ని వద్దనుకుని కాదు అని ఇప్పుడంటే మీరు నమ్మక్కర్లేదు. మిమ్మల్ని చూసినా నాకు ఆ లారీయే గుర్తొచ్చేది.

మొన్న ఆయన నా ఎదురుగా వచ్చారు. ఎంత బాగా కూర్చున్నారు వదినా. దొరలా ఉన్నారు. నాకు గర్వంగా అనిపించింది. ఈ వయసులో సిగ్గు కూడా వేసింది, పిల్ల పక్కనే ఉంది మరి. వస్తున్నారు, వస్తున్నారు, ఇంక పిలిస్తే పలుకుతారనేంత దగ్గరికి వచ్చారు. సరిగ్గా అప్పుడు వాడెవడో టోపీ ఎత్తి చూస్తాడు. ఎన్నిసార్లు వేసినా అక్కడితో అయిపోతోంది. ఇంకొంచెం ఉందేమో వెతకమన్నాను. అంతే తీశారమ్మా అంది పిల్ల.

మీ ఉత్తరం కూడా అక్కడే ఆగిపోయింది. కట్ అన్నారని రాశారు. చెయ్యి సంగతి డైరెక్టరుకి చెప్పారని రాశారు. కెమెరా ఆపినంత మాత్రాన ఆయన మధ్యదారిలో ఆగిపోరు కదా. గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చి మీ ముందు దిగే ఉంటారు. దుమ్ము దులుపుకుని ఉంటారు. నీళ్ళు అడిగి ఉంటారు. ఏదో ఒకటి అని ఉంటారు.

ఏమన్నారు?

ఉత్తరంలో రాయకండి. వచ్చి చెప్పండి.